రిటైరయ్యాక వైజాగ్‌లో ఇల్లా? ముందు మెట్లు లెక్కపెట్టండి

[తెర మీద: పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డు. బండ్లు లేవు. పెద్దవాళ్ళు నడుస్తున్నారు.]

నమస్కారమండీ. ఈ రోడ్డు చూశారా? పొద్దున్నపూట కొంతసేపు ఇక్కడ బండ్లు ఆపేస్తారు. ఆ కాసేపూ రోడ్డంతా నడిచేవాళ్ళదే. వైజాగ్ చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్ళు చాలామంది సరిగ్గా ఇక్కడే మనసు పడతారు. "రిటైరయ్యాక ఇక్కడికొచ్చేద్దామా?" అని ఒకరినొకరు అడుగుతారు. మా అమ్మానాన్నలూ అలాగే అడుక్కున్నారు. 30 ఏళ్ళు ఖమ్మంలో ఉన్నవాళ్ళు 2024 వేసవిలో ఇక్కడికి వచ్చేశారు.

వాళ్ళకు ఇల్లు వెతికిపెట్టింది నేనే. మొదటిసారి తప్పు ఇల్లు వెతికాను. ఆ తప్పు ఏమిటో, దాన్ని ఎలా దిద్దుకున్నామో ఈ వీడియోలో చెబుతాను. నెలకు 30 వేల చిల్లరతో ఇద్దరూ గడపాల్సినవాళ్ళను మనసులో పెట్టుకుని చేస్తున్నాను.

[తెర మీద: కొండవాలు ఇళ్ళు. సన్నని సిమెంటు మెట్లు.]

వైజాగ్ బల్లపరుపు ఊరు కాదు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సింహాచలం కొండలు, మధ్యలో ఎక్కడ చోటు దొరికితే అక్కడికి ఊరు పాకింది. అందుకే చాలా చోట్ల ఇళ్ళు కొండవాలు మీద ఉంటాయి. ఆ ఇళ్ళకు అద్దె తక్కువ. కంచరపాలెం వైపు అలాంటి ఇల్లొకటి 7 వేలకు దొరికింది. రెండు గదులు, బోలెడంత గాలి, రాత్రయితే దూరంగా పోర్టు క్రేన్ల దీపాలు. నాకు తెగ నచ్చింది. ఇంటావిడ మాత్రం మా నాన్నను ఒకసారి, మెట్లను ఒకసారి చూసి, "ఏటమ్మా, నాన్నగారు రోజూ ఎక్కగలరేటి?" అని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. కింద రోడ్డు నుంచి గుమ్మం దాకా 41 మెట్లు.

రెండు నెలలు బాగానే గడిచింది. వానాకాలంలో నాన్నకు డెంగీ వచ్చింది. నేనప్పుడు ఊళ్ళో లేను. ఆటో కింద రోడ్డు దాకానే వస్తుంది. పక్కింటి కుర్రాళ్ళు నలుగురు ఆయన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీని తలో పక్కా పట్టుకుని 41 మెట్లూ దించారు. అమ్మ వెనకాల ఒక చేత్తో చెప్పులు, ఇంకో చేత్తో రిపోర్టుల కవరు పట్టుకుని దిగిందట. ఆ కుర్రాళ్ళ రుణం మేం తీర్చుకోలేం.

అసలు ఇబ్బంది ఆ తర్వాత బయటపడింది. నాన్న ఆస్పత్రిలో ఉన్న ఆరు రోజులూ అమ్మ ఇంటికీ ఆస్పత్రికీ తిరుగుతూ ఒక్కతే ఉంది. మునిసిపల్ నీళ్ళు తెల్లవారుజామున వస్తాయి. మా వాటా వాల్వ్ కింద రోడ్డు పక్కన ఉంది. అది రోజూ తిప్పేది నాన్న, అమ్మకు ఏ వైపు తిప్పాలో కూడా తెలియదు. సిలిండర్ కింద పెట్టి వెళ్ళిపోయారు, పైకి తెచ్చేవాళ్ళు లేరు. కరెంటు బిల్లు, బ్యాంకు మెసేజ్‌లు అన్నీ నాన్న ఫోనుకే వస్తాయి, దాని లాక్ అమ్మకు రాదు. ఫోన్లో ఆవిడ ఏడవలేదు గానీ, "ఇల్లు ఇద్దరుంటేనే నడిచేలా ఉందే" అంది.

ఆ మాట నాకు బాగా తగిలింది. మనం ఎప్పుడూ "ఇద్దరికి సరిపోయే ఇల్లు" అనే వెతుకుతాం. ఇద్దరిలో ఎవరో ఒకరు ఏదో ఒక రోజు ఆ ఇంట్లో ఒక్కరే ఉండాల్సి వస్తుంది. వారం రోజులు కావచ్చు, ఏళ్ళు కావచ్చు. మాట్లాడుకోవడానికి కష్టంగా ఉన్నా ఇల్లు మారేముందే మాట్లాడుకోవాలి. ఈ గదులు, ఈ మెట్లు, ఈ నీళ్ళు, ఈ వీధి అమ్మ ఒక్కతే ఉన్నా నడుస్తాయా, నాన్న ఒక్కడే ఉన్నా నడుస్తాయా? రెండో ఇల్లు ఈ ప్రశ్న పెట్టుకునే వెతికాం.

[తెర మీద: వైజాగ్ మ్యాప్. ఒక్కో పేటా వెలుగుతుంది.]

ఇప్పుడు పేటలు చూద్దాం. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, లాసన్స్ బే, పెదవాల్తేరు: అన్నీ చేతికందే దూరంలో ఉంటాయి, అద్దెలు అందవు. అదృష్టం బాగుండి పాత అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పనిచేసే ఇల్లు దొరికితే వదలకండి. మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది వైపు కొత్త అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. అక్కడ ఇల్లు చూసినప్పుడు మొదట వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి, "వేసవిలో ట్యాంకర్లు ఎన్ని తెప్పిస్తారు?" అని అడగండి. ఓనర్ చెప్పని సంగతి వాచ్‌మన్ చెబుతాడు. మునిసిపల్ నీళ్ళ కనెక్షన్ ఉందా, బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయా, అదీ కనుక్కోండి. గాజువాక, కూర్మన్నపాలెం వైపు స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైనవాళ్ళు ఎక్కువమంది. తోటివాళ్ళు కావాలంటే మంచి చోటే, కానీ ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్ళు ముందు నాలుగు రోజులు ఉండి చూసుకోవాలి. పోర్టు చుట్టుపక్కల పేటలకూ ఇదే మాట. కిటికీ గట్టు మీద వేలితో గీసి చూడండి, నల్లగా అంటితే ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంది.

మేం చివరికి గోపాలపట్నంలో ఆగాం. లిఫ్టు ఉంది, మందుల షాపు నాలుగడుగుల్లో ఉంది, రైతు బజారుకు నడిచి వెళ్ళొచ్చు, బస్సులకు కొదవ లేదు. అద్దె 12 వేలు. ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది ప్రాణాలు పోయిన ఆర్ఆర్ వెంకటాపురం ఇక్కడికి దగ్గరే. అందుకే ఈ ఊళ్ళో ఎక్కడ ఇల్లు చూసినా, చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ ఉందో, గాలి ఎటు వీస్తుందో అడిగి తెలుసుకోండి. మేమూ అడిగాం.

ఇల్లు కొనడం గురించి చాలామంది అడుగుతున్నారు. గూగుల్ డేటా సెంటర్ ప్రకటన 2025 అక్టోబర్‌లో వచ్చినప్పటి నుంచి, "ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడూ కొనలేరు" అనే మాట ప్రతి బ్రోకర్ నోటా వింటున్నాం. రిటైర్మెంట్ డబ్బు మొత్తం తీసుకెళ్ళి గోడల్లో పెట్టొద్దు. అది నా గట్టి అభిప్రాయం. జబ్బు చేసినప్పుడు గోడను కొంచెం గీకి అమ్ముకోలేం. కనీసం ఒక వేసవి, ఒక తుఫాన్ల కాలం అద్దెకు ఉండి చూడండి. సొంతూరి ఇల్లు అమ్మేయకుండా అద్దెకిచ్చి రండి. తిరిగి వెళ్ళే దారి ఉందన్న ధైర్యమే ఇక్కడ కుదురుకోవడానికి సాయపడుతుంది.

అద్దె అగ్రిమెంటు 11 నెలలకే రాస్తారు, కంగారు పడకండి. ఇక్కడ చాలామంది అలాగే రాసుకుంటారు. అడ్వాన్స్ ఎన్ని నెలలది, ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత పట్టుకుంటారు, ఈ రెండూ కాగితం మీద ఉండేలా చూసుకోండి.

[తెర మీద: చేతిరాత లెక్కల నోటు పుస్తకం.]

ఇదిగో నాన్న లెక్కల పుస్తకం. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 20 లక్షలు. 8.2 శాతం వడ్డీ. మూడు నెలలకోసారి 41 వేలు వస్తుంది, అంటే నెలకు 13,600 పైచిలుకు. మంత్లీ ఇన్‌కమ్ స్కీములో 9 లక్షలు, 7.4 శాతం చొప్పున నెలకు 5,550. ఈపీఎఫ్ పెన్షన్ 3,200. ఖమ్మం ఇంటి అద్దె 9 వేలు. మొత్తం 31 వేల చిల్లర. ఈ స్కీముల రేట్లు ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది, కానీ మీరు వేసిన రోజు ఉన్న రేటే 5 ఏళ్ళూ ఉంటుంది. సీనియర్ సిటిజన్ స్కీములో ఒక్కరి పేరున 30 లక్షల దాకా వేసుకోవచ్చు.

ఒక్కరే ఉన్నా నడుస్తుందా అన్న ప్రశ్న ఇక్కడా మళ్ళీ వస్తుంది. 20 లక్షలూ నాన్న పేరునే ఉన్నాయి. అమ్మకూ 60 దాటాయి, ఆవిడ పేరున విడిగా ఖాతా తెరిచి ఉండాల్సింది. ఇప్పుడు నామినీగా అమ్మ పేరు చేర్చాం. మంత్లీ ఇన్‌కమ్ ఖాతా జాయింటుగా చేశాం. జాయింటు ఖాతాలో 15 లక్షల దాకా పెట్టుకోవచ్చు.

ఖర్చులోకి వస్తే, అద్దె, మెయింటెనెన్స్ పోగా మిగిలినదాంట్లో కూరగాయలు పెద్ద బరువు కాదు. రైతు బజారులో ధరల బోర్డు చూసి కొంటారు. చేపలు వారానికోసారి. మందులకు పక్కన పెట్టిన డబ్బు మాత్రం అమ్మ ముట్టుకోనివ్వదు.

[తెర మీద: కేజీహెచ్ పాత భవనం.]

ఆస్పత్రుల విషయంలో ఈ ఊరు నిజంగా పెద్ద దిక్కు. 1923 నుంచి ఉన్న ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆస్పత్రికి, అంటే కేజీహెచ్‌కు ఉత్తరాంధ్ర మొత్తం నుంచి వస్తారు. హనుమంతవాకలో విమ్స్ అనే ప్రభుత్వ ఆస్పత్రి ఉంది, ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది. ఆరిలోవ దగ్గర హెల్త్ సిటీలో ప్రైవేటు ఆస్పత్రులు వరసగా ఉన్నాయి. కానీ ఊరు పొడుగైనది. కూర్మన్నపాలెంలో ఉండి హెల్త్ సిటీకి వెళ్ళాలంటే ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళినట్టే. మీకు ఏ డాక్టరు అవసరమో ముందు తేల్చుకుని, ఆ తర్వాత పేటను ఎంచుకోండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు బీచ్ ఎంత దూరం అన్నదాని కన్నా ఇదే ముఖ్యం.

70 ఏళ్ళు నిండినవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా, ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఆయుష్మాన్ భారత్‌లో దొరుకుతుంది. 2024 అక్టోబర్ 29న మొదలైంది. ఆధార్ ఉంటే చాలు, ఆయుష్మాన్ యాప్‌లో ఇంట్లోంచే వయ వందన కార్డు తీసుకోవచ్చు. ఇద్దరికీ 70 దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నా ఇది తీసుకోవచ్చు. సీజీహెచ్ఎస్, అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, పెన్షనర్ల వైద్య పథకం ఉన్నవాళ్ళు మాత్రం రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. మా నాన్నకు 71, కార్డు వచ్చింది. అమ్మకు 66, ఇంకా నాలుగేళ్ళు. అందుకే ఆవిడ పేరున ఉన్న చిన్న పాలసీని ఆపలేదు. ఊరు మారగానే మీ పాలసీకి ఇక్కడ ఏ ఆస్పత్రుల్లో క్యాష్‌లెస్ ఉందో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. అన్నిటికన్నా ముందు ఆధార్‌లో చిరునామా మార్చండి, మిగతావన్నీ దాని వెనకాలే వస్తాయి. ఓటరు జాబితాలో చిరునామా మార్చుకోవడానికి ఫారం 8. ఈపీఎఫ్ పెన్షన్ 2025 జనవరి నుంచి ఏ బ్యాంకు, ఏ బ్రాంచిలోనైనా తీసుకోవచ్చు, పాత ఊరి బ్యాంకు చుట్టూ తిరిగే టెన్షన్ లేదు. లైఫ్ సర్టిఫికెట్ ఫోన్లో ముఖం చూపించి ఇచ్చేయొచ్చు.

ఆధార్ మార్చడంలో ఇంకో లాభం ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కానీ ఈ రాష్ట్రం చిరునామా ఉన్న కార్డు చూపించాలి. ఖమ్మం ఆధార్‌తో అమ్మ కొన్నాళ్ళు టికెట్ కొనుక్కునే తిరిగింది.

ఇక వాతావరణం. ఎండ డిగ్రీలు విజయవాడ కన్నా తక్కువే కనిపిస్తాయి. చెమట మాత్రం ఆగదు. మార్చి దాటాక తెల్లవారకముందే ఉక్కపోత మొదలవుతుంది. అమ్మ మొదటి నెలలో ఉప్పు డబ్బా మూత తీస్తే లోపల నీళ్ళు చేరాయి. కరకరలాడాల్సిన అప్పడాలు మెత్తగా వంగుతున్నాయి. గ్రిల్లుకు ఆరు నెలల్లో తుప్పు పట్టింది. ఇప్పుడు ఉప్పు గాజు సీసాలోకి మారింది, అప్పడాలు కొంచెం కొంచెంగానే కొంటోంది. బీచ్‌కు దగ్గరయ్యేకొద్దీ తుప్పు ఎక్కువ, కొత్త ఫ్రిజ్ కొనేముందు అది గుర్తుంచుకోండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు ఈ చెమటకు తగ్గట్టు డోసు మార్చాలేమో డాక్టరును అడగండి.

తుఫాన్ల సంగతి ఈ ఊరివాళ్ళను ఎవరినడిగినా 2014 అక్టోబర్ 12 దగ్గర మొదలుపెడతారు. ఆ రోజు హుద్‌హుద్ వచ్చింది. రోజుల తరబడి కరెంటు లేక, మోటార్లు ఆడక, పై అంతస్తులవాళ్ళు బకెట్లతో నీళ్ళు మోసుకున్నారు. అందుకని అక్టోబర్, నవంబర్‌లలో 15 రోజుల మందులు ముందే ఇంట్లో ఉంచండి. లిఫ్టు ఉంది కదా అని ఐదో అంతస్తు తీసుకోకండి. మేం మొదటి అంతస్తే తీసుకున్నాం, లిఫ్టు ఆగినా 18 మెట్లు.

మనుషుల విషయం. కొత్త ఊళ్ళో మగవాళ్ళు బయటికి వెళ్ళకుండా టీవీ ముందు కూర్చుండిపోవడం నేను చాలా ఇళ్ళల్లో చూశాను. నాన్నా మొదట్లో అంతే. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి ఒక రోజు తీసుకెళ్ళాను. పేపర్ల బల్ల దగ్గర తన ఈడువాళ్ళు పదిమంది కనిపించారు. ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆయనే వెళ్తున్నారు. ఖమ్మం గుర్తొస్తే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది. రైల్లో సీనియర్లకు రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, లోయర్ బెర్త్ కోటా మాత్రం ఉంది, టికెట్ తీసేటప్పుడు అది అడగండి.

ఇబ్బంది వస్తే పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567. అంబులెన్స్ 108. రెండూ ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. అమ్మ ఇప్పుడు నాన్న ఫోను లాక్ తీయగలదు, పోస్టాఫీసు పాస్‌బుక్ ఎక్కడుందో తెలుసు. నాన్న కుక్కర్‌లో అన్నం, పప్పు పెట్టడం నేర్చుకున్నారు.

[తెర మీద: గోపాలపట్నం బస్టాపు. సింహాచలం బస్సు ఆగుతోంది.]

మొన్న పెళ్ళి పనుందని నాన్న ఒక్కరే నాలుగు రోజులు ఖమ్మం వెళ్ళారు. రెండో రోజు పొద్దున్నే అమ్మకు ఫోన్ చేశాను, ఎలా ఉందో అని. "నీళ్ళు పట్టేశాను, సింహాచలం బస్సు వచ్చేసింది, తర్వాత మాట్లాడతానే" అని పెట్టేసింది.