62కీ 58కీ మధ్య

అందరికీ నమస్కారం. ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. సర్కారు కాగితాల్లో పరలాఖెముండి అని ఉంటుంది గానీ మన నోటికి పర్లాకిమిడే. ఈ పూట మీకు ఒక పేపరు సంగతి చెబుతాను. పరీక్ష పేపరు కాదు, పొద్దున్నే వచ్చే పేపరూ కాదు, రీసెర్చ్ పేపరు. నేనూ నా క్లాస్‌మేటూ కలిసి రాసింది. రాయడానికి మూడు వారాలు పట్టింది, దిద్దడానికి మూడు నెలలు. చెప్పుకోవాల్సిందంతా ఆ మూడు నెలల్లోనే ఉంది.

మాది ఆంధ్రలో పాతపట్నం, మహేంద్రతనయ నది దాటితే వచ్చేస్తుంది, చదువు మాత్రం ఇవతల. తనది ఈ ఊరే. ఇద్దరి ఇళ్ళల్లోనూ తెలుగే, కానీ నేను తెలుగు మీడియం, తను ఒడియా మీడియం, రాయాల్సిందేమో ఇంగ్లీషులో, కాబట్టి భయపడటంలో మాత్రం ఇద్దరమూ సమానమే. కొండల మీంచి జనం దిగి వచ్చే వారపు సంతలో బేరం ఏ భాషలో మొదలవుతుంది, ఏ భాషలో తెగుతుంది, ఇదీ మా టాపిక్. తెలుగులో 'ఎంతకిస్తావు' అని మొదలైన బేరం మధ్యలో ఒడియాలోకి దూకి, చిల్లర దగ్గరికొచ్చేసరికి మళ్ళీ తెలుగులోకి వచ్చేస్తుంది, మీరూ వినే ఉంటారు. మేం అమ్మేవాళ్ళ పక్కన కూర్చుని, ఎండలో మాడి, నోటుబుక్కులో రాసుకున్నాం.

రాతకి వచ్చేసరికి అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు మధ్యలో గట్టు వేసుకున్నాం. ముందుమాట, పాత పరిశోధనల సంగతి, సమాచారం ఎలా సేకరించామన్నది నా వంతు. పట్టికలు, వాటి వివరణ, ముగింపు తన వంతు. అందరూ ఇలాగే చేస్తారు, త్వరగా అయిపోతుంది కూడా. రెండు ముక్కలూ గూగుల్ డాక్స్‌లో ఒకచోట అతికించి, ప్రింటు తీసి, గైడ్ సార్‌కి ఇచ్చి వచ్చేశాం.

రెండ్రోజులకి పిలిచారు. మొదటి ప్రశ్న, "అమ్మా, ఈ వెండరు, సెల్లరు, ట్రేడరు ముగ్గురూ వేరే వేరే మనుషులా?" కాదు సార్, అందరూ అమ్మేవాళ్ళే. నేను వెండర్ అని రాశాను, తను సెల్లర్ అంది, ఒకచోట అందంగా ఉంటుందని ట్రేడర్ అని కూడా పెట్టింది. మన తెలుగు వ్యాసంలో ఒకే మాట పదిసార్లు వస్తే టీచరు కోప్పడేది కదా, ఆ అలవాటు. కానీ పరిశోధన పేపర్లో మాట మారిందంటే మనిషి మారాడనే చదివేవాళ్ళు అనుకుంటారు.

రెండో ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. నా భాగంలో 62 మందితో మాట్లాడాం అని ఉంది, తన పట్టికలో కూడితే 58 వస్తోంది. సార్ కళ్ళజోడు తీసి, "ఆ మిగతావాళ్ళు ఎటు పోయారమ్మా?" అన్నారు. నేను తన మొహం చూశాను, తను ఫ్యాన్ వంక చూసింది.

బయటికొచ్చాక వరండాలో గట్టిగానే అరుచుకున్నాం. ఆ తప్పిపోయినవాళ్ళు అడ్డాకుల కట్టలూ కొండ చీపుర్లూ తెచ్చిన సవర ఆడవాళ్ళు, సవర అంటే ఈ కొండల్లో ఉండే తెగ, వాళ్ళ భాష పేరూ అదే. "ఆళ్ళు మాటాడింది మనకి తెలీదు గదే, తెలీనిది ఏటి రాస్తాం?" అంది తను. తీసేశానని నాకు చెప్పలేదు. నేనైనా తన పట్టిక కూడి చూశానా అంటే, లేదు. గట్టుకి అవతలున్నది నాది కాదనుకున్నాను. తప్పు తనది ఎంతో నాది అంతే, ఇంకా నాకే రెండు పాళ్ళు ఎక్కువ వేసుకోవాలేమో, ఎందుకంటే ఆ లెక్క చూడటానికి నాకు అర నిమిషం పట్టేది.

అసలు సిగ్గు తర్వాత వచ్చింది. మేం కూర్చుని రాసింది ఏ ఊళ్ళో? గిడుగు రామమూర్తి పంతులుగారు బడి పంతులుగా పనిచేసిన ఊళ్ళో. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన్ని ఆగస్టు 29న అందరమూ తలుచుకుంటాం గానీ, అంతకు ముందు నుంచే ఆయన సవర నేర్చుకున్నారు, ఆ భాష మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి వాడి చెవుడు తెచ్చుకున్నారని చెబుతారు. ఆయన వినడం కోసం చెవులు పోగొట్టుకున్నారు, మేం చెవులుండీ నలుగుర్ని కొట్టేశాం.

మళ్ళీ సంతకి వెళ్ళాం, ఈసారి సవర వచ్చిన జూనియర్ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని. అప్పుడు తెలిసింది మేం ఏం వదిలేశామో. సవరలో సొంత లెక్క పన్నెండు మీద నడుస్తుంది. పదమూడు అనాలంటే పన్నెండూ ఒకటీ అంటారు, ముప్పై మూడు అంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి. ఆమె ఆకుల కట్టలు సవరలో లెక్కపెట్టుకుని, ధర తెలుగులో చెప్పి, డబ్బులు ఒడియాలో అడిగి తీసుకుంది. మా పేపరు మొత్తానికి ప్రాణం లాంటి సంగతి ఆ ఒక్క బేరంలో ఉంది, దాన్నే మేం పట్టికలోంచి ఎత్తేశాం!

అక్కణ్ణుంచి గట్టు తీసేశాం. తన భాగం నేను తిరగరాశాను, నా భాగం తను. చెప్పడం తేలిక గానీ, చాలా కష్టం. నా ముందుమాటలో ఒక పెద్ద పేరా ఉండేది, భాష నది లాంటిదీ అంటూ. మర్నాడు పొద్దున్న ఫైలు తెరిస్తే రెండు వాక్యాలు మిగిలాయి. వెంటనే ఫోన్ చేశాను, "ఏటే ఇది, నా పేరాకి గుండు కొట్టించేసేవు?" తను తాపీగా, "పేలున్నాయి, తీసేను" అంది. ఆ రోజంతా మాట్లాడలేదు. రాత్రికి మళ్ళీ చదివితే నిజంగానే ఆ రెండు వాక్యాలూ చాలు. కానీ ఆ గొడవ తర్వాత ఒకటి అనుకున్నాం, నేరుగా చెరపకూడదు, పాత మాట పోకుండా మార్పు పక్కన కనిపించే సజెషన్ మోడ్‌లోనే దిద్దాలి, ఎందుకు దిద్దామో పక్కన కామెంట్లో ఒక ముక్క రాయాలి. పాత వెర్షన్లు ఆ డాక్స్‌లోనే చరిత్రలో దాగి ఉంటాయి కాబట్టి పోయిందన్న టెన్షన్ కూడా ఉండదు. అంతకు ముందు మా ఫోన్లలో ఫైనల్, ఫైనల్ రెండు, అసలు ఫైనల్ అని ఏడు ఫైళ్ళుండేవి, ఏది అసలో వాటిని పెట్టిన మాకే తెలీదు.

ఇంకో పొరపాటు, మొదట్లో కామాలూ స్పెల్లింగులూ దిద్దుతూ కూర్చున్నాం. తీరా చూస్తే ఆ పేరానే అక్కర్లేదు. కూల్చబోయే గోడకి సున్నం వేసినట్టు. తర్వాత ప్రతి పేరా పక్కనా అది ఏం చెబుతోందో తెలుగులో ఒక లైను రాసుకున్నాం, లైను రాయలేకపోతే పేరా తీసేయడమే. ఆఖర్న ఇద్దరమూ ఎదురెదురుగా కూర్చుని పైకి చదువుకున్నాం, నాది తను, తనది నేను. సొంత వాక్యం సొంత నోటికి ఎప్పుడూ బాగానే వినిపిస్తుంది, అవతలివాళ్ళు చదువుతూ ఆయాసపడితే అప్పుడు తెలుస్తుంది దాని పొడవు.

సవర మాటలు ఏ లిపిలో పెట్టాలన్నదానికి ఇంకో యుద్ధం. నేను తెలుగు లిపి అన్నాను, తను ఒడియా అంది. సవరకి 1936లో మంగేయి గొమాంగో తయారుచేసిన సొంత లిపే ఉందని మా జూనియర్ చెప్పాడు, ఇద్దరి నోళ్ళూ మూతపడ్డాయి. ఆ లిపి మాకు టైపు చేయడం రాలేదు, చివరికి అంతర్జాతీయ ధ్వని లిపిలో పెట్టాం.

కాపీ సంగతి కూడా చెప్పేస్తాను. యూనివర్సిటీలని చూసుకునే యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పరిశోధన రాతలో వేరేవాళ్ళ రాతతో పోలిక 10 శాతం వరకూ ఉంటే ఫరవాలేదు, అది దాటితే చర్యలు మొదలవుతాయి, థీసిస్‌లో 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే మా పేపర్లో రెండు వాక్యాలు ఎర్రగా వచ్చాయి. ఎవరో రాసింది తర్వాత మన మాటల్లో మారుద్దాంలే అని తను అతికించి మర్చిపోయింది. దొంగతనం కాదు, మరుపు, కానీ చూసేవాళ్ళకి రెండూ ఒకటే. అప్పట్నుంచి ఎక్కణ్ణుంచైనా తెచ్చి పెట్టింది పసుపు రంగులో పెట్టేవాళ్ళం, పసుపు పోయేదాకా పేపరు అవనట్టే.

పేర్ల దగ్గరికి వద్దాం. తన అన్న లాప్‌టాప్ ఇచ్చాడు కదా, ఆయన పేరు కూడా వేద్దామా అని ఒక ప్రతిపాదన వచ్చింది, నవ్వకండి, నిజంగా వచ్చింది. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది: పనిలో గట్టి వాటా ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, చివరి రూపానికి ఒప్పుకోవాలి, మొత్తానికి జవాబుదారీ వహించాలి. నాలుగూ ఉండాలి, ఏదో ఒకటి చాలదు. అన్నగారికి కృతజ్ఞతల్లో చోటిచ్చాం. మనకి జంటకవుల సంప్రదాయం ఉంది, 1920లో తిరుపతి శాస్త్రి పోయాక కూడా చెళ్ళపిళ్ళ వెంకట శాస్త్రి తాను రాసినవి ఇద్దరి పేరుతోనే వెలువరించారు. ఎంత గొప్ప స్నేహమో! కానీ మా పేపర్లో అది కుదరదు. అక్కడ పేరుందంటే, ఏ పట్టిక మీద వేలు పెట్టి అడిగినా ఇద్దర్లో ఎవరైనా చెప్పగలగాలి. మేం మొదటిసారి చెప్పలేకపోయింది అదే కదా.

మూడో నెలాఖర్లో సార్ మొత్తం చదివి, "సవర కలిశాక గానీ సవరణ అవలేదన్నమాట" అని ఒక జోకు వేసి సంతకం పెట్టారు. పంపించేశాం.

పంపిన వారానికి మళ్ళీ సంతకి వెళ్ళాం, ఈసారి పనేమీ లేదు, చీపురు కొనడానికి. ఆ అడ్డాకుల ఆమె కనిపించింది. నా ఫ్రెండ్ సంబరంగా పేపర్లో పెట్టిన 'పన్నెండు' మాటని సవరలో అని చూపించింది. ఆమె పక్కామెతో ఏదో అని పడీ పడీ నవ్వింది. మా జూనియర్ తల గోక్కుంటూ, వాళ్ళ కొండ మీద అలా పలకరట అక్కా అన్నాడు. తను నా వైపు తిరిగి ఫోన్ తీసింది, ఆ ఎండలోనే డాక్స్ తెరిచి, సజెషన్ మోడ్ పెట్టి, "చెప్పే, ఏటి కామెంట్ రాద్దాం?" అంది.