శుక్రవారం కల్లానా, శుక్రవారం దాకానా?

అక్క: నమస్కారమండీ. బెంగళూరు బీటీఎం లేఔట్‌లో మా ఇంటి వెనక గదిలోంచి మాట్లాడుతున్నాం. కింద నీళ్ళ ట్యాంకర్ వచ్చింది, మోటరు చప్పుడు వినిపిస్తే కాస్త భరించండి. నేను కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. పక్కన మా తమ్ముడు, సాఫ్ట్‌వేర్ సపోర్టులో పని. ఈ వారం వాడి పరువు పోయిన కథతో మొదలుపెడదాం.

తమ్ముడు: అంతేం పోలేదులే అక్కా. క్లయింటుకి మెయిల్ రాశాను. "టిల్ ఫ్రైడే, వీ కెన్ సెండ్ ద రిపోర్ట్" అని. అటు నుంచి జవాబు, "మరి శుక్రవారం తర్వాత ఎవరు పంపుతారు?" అని. మా మేనేజర్ నన్ను పక్కకి పిలిచాడు. అంతే.

అక్క: నీ మనసులో ఉన్నదేంటి?

తమ్ముడు: శుక్రవారం కల్లా పంపేస్తామని.

అక్క: తెలుగులో అయితే "శుక్రవారం దాకా పంపుతాం" అని ఉండేవాడివా?

తమ్ముడు: ఎందుకంటాను? అలా అంటే రోజూ పంపుతూ శుక్రవారం ఆపేస్తామని కదా.

అక్క: క్లయింటుకి అర్థమైంది కూడా అదే! కల్లా అంటే బై, దాకా అంటే టిల్. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు తెలుగులో ఆలోచించొద్దని అందరూ సలహా ఇస్తుంటారు చూడు, నాకు ఒళ్ళు మండుతుంది. నువ్వు తెలుగులో ఆలోచించి ఉంటే ఈ తప్పు చేసేవాడివే కాదు. ఇంకోటి, ఆ కెన్ ఏంట్రా? "పంపగలం" అంటే చేతనవుతుందని చెప్పడం. పంపుతామని మాట ఇచ్చినట్టు ఎలా అవుతుంది? అక్కడ విల్ పడాలి.

తమ్ముడు: సరే, ఇవాళ్టి సంగతి అదే. వాక్యం మొదట్లో బై ఫ్రైడే, ఇన్ సమ్మర్, వితవుట్ యూ లాంటి ముక్క ఒకటి. దాని తర్వాత కెన్, మే, షుడ్, వుడ్ లాంటి మోడల్, అంటే అసలు క్రియకి తోడొచ్చే సహాయక క్రియ, ఒకటి. ఈ రెండిటి మధ్య ఏం నడుస్తుందో చూద్దాం.

అక్క: మోడల్స్‌లో అసలైనవి తొమ్మిది. కెన్, కుడ్, మే, మైట్, మస్ట్, షల్, షుడ్, విల్, వుడ్. ఇవి విడిగా నిలబడతాయి. మనకి ఆ పని క్రియకి తోకలా అతుక్కుంటుంది: వెళ్ళగలను, వెళ్ళొచ్చు, వెళ్ళాలి, వెళ్ళకూడదు. అలాగే ఇన్, బై, వితవుట్ మాట ముందుంటాయి, మన విభక్తులు మాట వెనకుంటాయి. ఇంతవరకు బళ్ళో చెప్పేదే, దాటేద్దాం. నాకు సరదాగా అనిపించేది వుడ్. ఎండాకాలం హిందూపురంలో రాత్రిళ్ళు ఏం చేసేవాళ్ళం?

తమ్ముడు: డాబా మీద పడుకునేవాళ్ళం. నువ్వు దుప్పటి మొత్తం లాక్కునేదానివి.

అక్క: దుప్పటి సంగతి తర్వాత. "పడుకునేవాళ్ళం" అన్నావు, అలవాటు. "ఇన్ సమ్మర్, వీ వుడ్ స్లీప్ ఆన్ ద టెర్రస్." ఇప్పుడిది చెప్పు. కింద గదిలో ఆ టేబుల్ ఫ్యాన్ లేకపోతే?

తమ్ముడు: ఉడికిపోయేవాళ్ళం.

అక్క: నిజంగా ఉడికిపోయామా?

తమ్ముడు: లేదు, ఫ్యాన్ ఉందిగా. ఆగు... "పడుకునేవాళ్ళం", "ఉడికిపోయేవాళ్ళం". క్రియ రూపం ఒకటే. కానీ ఒకటి జరిగింది, ఒకటి జరగలేదు!

అక్క: అదీ! "వితవుట్ దట్ ఫ్యాన్, వీ వుడ్ హావ్ బాయిల్డ్." గడిచిపోయిన సంగతి కాబట్టి ఇంగ్లీషులో హావ్ చేరింది గానీ వుడ్ మాత్రం అదే. రెండు భాషల్లోనూ ఒకే రూపం అటు అలవాటునీ ఇటు జరగని ఊహనీ మోస్తోంది. ఏదో తేల్చేది వాక్యం మొదట్లో ఉన్న ముక్క. ఇన్ సమ్మర్ అనగానే అలవాటు. వితవుట్ అనగానే అది "అయితే గియితే" వాక్యం. ఇఫ్ పెట్టకుండానే ఇఫ్ పని జరిగిపోతోంది.

తమ్ముడు: ఈ లెక్కన షుడ్ కూడా అంతేనా? నిన్న సిల్క్‌బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో నిలబడి "ఆరింటికల్లా బస్సు రావాలి" అనుకున్నాను. నేనేం బస్సుకి ఆర్డర్ వేయలేదు కదా.

అక్క: ఆర్డర్ వేసినా సిల్క్‌బోర్డ్‌లో వినేవాళ్ళెవరు? "బై సిక్స్, ద బస్ షుడ్ బి హియర్" అంటే అంచనా. "బై నైన్, యూ షుడ్ బి ఎట్ యువర్ డెస్క్" అని మీ మేనేజర్ అంటే హుకుం. మన "రావాలి"లో చివరున్న "ఆలి"కి కూడా ఆ రెండు పనులూ ఉన్నాయి. "ఈపాటికి అమ్మ ఇంటికి చేరి ఉండాలి" అన్నప్పుడు అమ్మని ఎవరూ ఆజ్ఞాపించడం లేదు. బస్సుకీ అమ్మకీ ఇది కుదిరింది గానీ మెయిల్లో ప్రమాదం. "బై మండే, ఇట్ షుడ్ వర్క్" అని నువ్వు రాస్తే అది హామీయో, దేవుడి మీద భారమో అవతలివాడికి తెలియదు.

తమ్ముడు: సపోర్టులో మేం కావాలనే అలా రాస్తాం అక్కా. ఇది కట్ చెయ్.

అక్క: చెయ్యను. సరే, ఇక అసలు తలనొప్పి. "ఎట్టి పరిస్థితుల్లోనూ ఈ తలుపు తెరవకూడదు." ఇంగ్లీషులో చెప్పు.

తమ్ముడు: "అండర్ నో సర్కమ్‌స్టాన్సెస్ యూ షుడ్ నాట్ ఓపెన్ దిస్ డోర్."

అక్క: నా క్లాసులో ఎక్కువమంది ఇదే చెబుతారు. రెండు తప్పులు. తెలుగులో "ఎట్టి పరిస్థితుల్లోనూ" అనే మాటలో "వద్దు" లేదు. వద్దనేది చివర "కూడదు"లో ఉంది. ఇంగ్లీషు ఆ "నో"ని ముందుకి తెచ్చేసింది, కాబట్టి మళ్ళీ నాట్ వేస్తే వద్దు మీద వద్దు. ఇక రెండోది, అలా నో ముందుకొస్తే మోడల్ ఎగిరి కర్త ముందుకి దూకుతుంది. "అండర్ నో సర్కమ్‌స్టాన్సెస్ షుడ్ యూ ఓపెన్ దిస్ డోర్." ప్రశ్నలా వినబడుతుంది, ప్రశ్న కాదు.

తమ్ముడు: నో కనబడితే దూకించేయడమేనా?

అక్క: అక్కడే మెలిక. "ఇన్ నో టైమ్, యూ విల్ లెర్న్ ఇట్" అంటే చిటికెలో నేర్చేసుకుంటావు. దూకలేదు. "ఎట్ నో టైమ్ విల్ యూ లెర్న్ ఇట్" అంటే ఎప్పటికీ నేర్చుకోలేవు. దూకింది. ముందున్న నో వాక్యం మొత్తాన్ని కాదంటేనే ఆ గెంతు. నో తన పక్క మాటతోనే సరిపెట్టుకుంటే మోడల్ కదలదు. ఎడ్వర్డ్ క్లిమా అనే భాషా శాస్త్రవేత్త 1964లో ఇంగ్లీషు వ్యతిరేకార్థాల మీద పెద్ద వ్యాసం రాశాడు. ఆ తర్వాత దీన్ని తవ్వినవాళ్ళు చాలామంది. నీ మీదే ఒక ఉదాహరణ చెప్పనా?

తమ్ముడు: వద్దన్నా చెబుతావు.

అక్క: "విత్ నో జాబ్, హి వుడ్ బి హ్యాపీ." "విత్ నో జాబ్ వుడ్ హి బి హ్యాపీ."

తమ్ముడు: మొదటిది... ఉద్యోగం లేకపోతే హాయిగా ఉంటాడు. రెండోది, ఏ ఉద్యోగం ఇచ్చినా వీడికి సంతోషం ఉండదు. అక్కా, ఇది అమ్మ వినే పాడ్‌కాస్ట్.

అక్క: మాటలన్నీ అవే, ఒక్క వుడ్ చోటు మారింది. తెలుగులో ఆ తేడాకి వాక్యమే మార్చాల్సి వచ్చింది చూశావా, "లేకపోతే", "ఏది ఇచ్చినా" అని.

తమ్ముడు: ఇవన్నీ మెయిళ్ళకేనా, పెద్ద చోట్ల కూడా ఉంటాయా?

అక్క: రాజ్యాంగంలోనే ఉంది. 245వ అధికరణం ఎలా మొదలవుతుందో తెలుసా? "సబ్జెక్ట్ టు ద ప్రొవిజన్స్ ఆఫ్ దిస్ కాన్‌స్టిట్యూషన్, పార్లమెంట్ మే మేక్ లాస్..." ఈ రాజ్యాంగ నిబంధనలకు లోబడి, పార్లమెంటు చట్టాలు చేయవచ్చు. మే అని అధికారం ఇచ్చారు. కానీ ఇచ్చేముందే పలుపుతాడు కట్టారు. ఎంత మేసినా తాడు పొడుగు వరకే. ఆ ముక్క వాక్యం చివర పడినా చట్టపరంగా అర్థం మారదనుకో. కానీ ముందు తాడు చూశాకే మే చదువుతాం.

తమ్ముడు: ట్యాంకర్ వెళ్ళిపోయినట్టుంది, చప్పుడు ఆగింది. నా మెయిల్ మళ్ళీ రాశాను, చదవనా? "బై ఫ్రైడే, వీ విల్ సెండ్ ద రిపోర్ట్. ఇన్ కేస్ ఆఫ్ ఎనీ డిలే, వీ మే..."

అక్క: మే తర్వాత ఏంటి?

తమ్ముడు: అది ఇంకా ఆలోచించలేదు. శుక్రవారం దాకా టైముంది కదా.