చీలమండ లోతు నీళ్లలో

శ్రోతలకు నమస్కారం.

కార్తీకం వచ్చేసరికి మన వాగులు తేటపడతాయి. అడుగున గులకరాళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. వనభోజనాలకు ఎలాగూ వెళ్తాం కదా, దగ్గర్లో వాగు ఉంటే మీ నాలుగైదేళ్ల పిల్లలను ఒక గంటసేపు అందులో దిగనివ్వండి.

తెల్ల గిన్నె ఒకటి, టీ వడకట్టే జాలి ఒకటి ఉంటే చాలు. చీలమండ మునిగేంత నీళ్లలో నిలబెట్టి, ఒక రాయిని మెల్లగా ఎత్తించండి. అసలు సందడి దాని అడుగునే ఉంటుంది. ఇసుక రేణువులను పట్టుదారంతో అతికించి, గొట్టంలాంటి గూడు కట్టుకున్న కాడిస్ అనే కీటకం పిల్ల దొరకవచ్చు. తోక చివర మూడు పోగులతో రాతిని కరుచుకుని పాకేది మేఫ్లై అనే ఎగిరే కీటకం పిల్ల. ఇంకా అదృష్టముంటే తూనీగ పిల్ల కనిపిస్తుంది. దానికి ఇంకా ఎగిరే రెక్కలు రావు. కింది పెదవిని చటుక్కున ముందుకు చాచి తోకకప్పను సైతం పట్టేస్తుంది. పెరట్లో ఎగిరే తూనీగ బాల్యమంతా నీళ్లలోనే గడిచిందని తెలిస్తే పిల్లలు నోరు తెరుస్తారు.

అప్పుడు పాఠం మొదలుపెట్టకండి. పేర్లు అడిగి పరీక్ష పెట్టకండి. మీ బిడ్డ ఒకే రాయి దగ్గర అరగంట కూర్చుంటే కూర్చోనివ్వండి. మనకే తొందర, వాళ్లకు లేదు. చూడడం అయ్యాక పురుగులను నీళ్లలో వదిలి, రాయిని ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టించండి.

మేఫ్లై, కాడిస్ పిల్లలకు ప్రాణవాయువు బాగా ఉన్న శుభ్రమైన నీళ్లు కావాలి. మురుగు కలిస్తే అవి తగ్గిపోయి, సన్నటి ఎర్ర పురుగులు పెరుగుతాయి. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో సన్నని ధారగా పుట్టిన మూసీయే హైదరాబాద్‌లో మనం ముక్కు మూసుకుని దాటే మూసీ. ఈ మాట పిల్లలకు చెప్పాల్సిందే. అయితే ముందు ఆ కొండల్లోని తేటనీళ్లు చూపించి, తర్వాత చెప్పండి.

జాగ్రత్తల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. పిల్లలు చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉండాలి, మీ ఫోన్ సంచిలో ఉండాలి. మన నెత్తిన ఎండ కాస్తున్నా, పైన కొండల్లో వాన పడితే వాగు పొంగుతుంది. నీళ్లు బురదరంగుకు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కండి. నాకు అన్నిటికన్నా భయం ఇసుక తవ్విన గుంతలంటే. పైకి నీరు నిశ్చలంగా, లోతు లేనట్టే కనిపిస్తుంది. ఒక్క అడుగు తేడాలో మనిషి మునిగే లోతు ఉంటుంది. అందుకే పిల్లల కన్నా ముందు మీరు దిగి, కర్రతో అడుగు తడిమి చూడండి. ఇసుక తవ్వకాలు జరిగిన వాగైతే అసలు దింపకండి.

కాలికి పుండో గాయమో ఉన్న రోజు పిల్లలను గట్టు మీదే కూర్చోబెట్టండి. నీటి మీద మునగకుండా పరుగులు తీసే పొడుగుకాళ్ల పురుగులు అక్కడి నుంచి కూడా బాగా కనిపిస్తాయి.

సెలవు.