పారాచూట్ సిపాయి బొమ్మతో పారాట్రూపర్ల చరిత్ర చెప్పొచ్చా? | రివ్యూ

నమస్కారం అండీ. ఈ రోజు రివ్యూ పారాచూట్ సిపాయి బొమ్మ మీద. ప్లాస్టిక్ సిపాయి, పైన పల్చటి పాలిథిన్ గొడుగు, మధ్యలో దారాలు. వైజాగ్ ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలు చూసొచ్చిన పిల్లలు వెంటనే అడిగే బొమ్మ ఇది. ఎలా దిగుతుందో చూద్దాం, దీంతో మన పారాట్రూపర్ల, అంటే విమానం నుంచి పారాచూట్‌తో దూకి యుద్ధం చేసే సిపాయిల చరిత్ర ఎంతవరకు చెప్పొచ్చో కూడా చూద్దాం.

ముందు ఒక తేడా. బీచ్‌లో దిగేది నేవీ వాళ్ళు. వాళ్ళ పారాచూట్ పరుపులా పొడుగ్గా ఉంటుంది, తాళ్ళు లాగి కావలసినవైపు తిప్పుకుంటారు. బొమ్మకున్నది గుండ్రటి గొడుగు. ఆర్మీ పారాట్రూపర్లు వందలమంది ఒకేసారి దూకినప్పుడు వాడుతూ వచ్చింది ఈ రకమే. దీన్ని పెద్దగా తిప్పలేం, గాలి ఎటు తోస్తే అటే. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

కొనేటప్పుడు దారాలు చూడండి. సిపాయి దగ్గరి ముడి పట్టుకుని గొడుగు అంచులన్నీ ఒకచోటికి తెండి. ఒక్క దారం అర అంగుళం పొట్టిగా ఉన్నా గొడుగు పక్కకి ఒరిగి సిపాయి గిరగిరా తిరుగుతూ పడతాడు. తర్వాత నడినెత్తిన కన్నం. చాలా బొమ్మలకి ఉండదు. అది లేకపోతే లోపలి గాలి ఓసారి ఈ అంచు నుంచి, ఓసారి ఆ అంచు నుంచి తన్నుకొచ్చి సిపాయి ఊగిపోతాడు. గొడుగు నడిమధ్యన రూపాయి బిళ్ళ పెట్టి, చుట్టూ గీసి కత్తిరించండి. అసలు పారాచూట్‌కీ అక్కడ కన్నం ఉంటుంది. ఇక మన ఊరి ఉప్పుగాలికి పాలిథిన్ మడతలు అతుక్కుపోతాయి, గొడుగు విచ్చుకోదు. మడిచే ముందు కాస్త పౌడర్ చల్లితే చాలు.

ఇప్పుడు అసలు సంగతి. సిపాయి గాల్లో ఉండగా పారాచూట్ ఎవరు విప్పుతారు? విమానం లోపల పొడుగ్గా ఒక ఉక్కు తీగ ఉంటుంది. ప్రతి సిపాయీ తన తాడు కొక్కెం దానికి తగిలిస్తాడు. దూకగానే ఆ తాడే పారాచూట్‌ని బయటికి లాగేస్తుంది. పిల్లలకి చూపించాలంటే మీటరు దారం ఒక చివర బాల్కనీ గ్రిల్‌కి కట్టి, రెండో చివర చిన్న టేపు ముక్కతో గొడుగు నెత్తి పక్కన అంటించి, గొడుగు మడిచి సిపాయిని వదలండి. దారం బిగిసి గొడుగు తెరుచుకుంటుంది, టేపు ఊడుతుంది. టేపు పెద్దదైతే ఊడదు, సిపాయి గ్రిల్‌కి వేలాడతాడు.

ఇక చరిత్ర. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1941 అక్టోబరులో, అప్పటి బ్రిటిష్ ఇండియా సైన్యంలో 50వ పారాచూట్ బ్రిగేడ్ పుట్టింది. ఆ నెల 15న కరాచీలో విమానం నుంచి దూకిన మొదటి భారతీయులు ఇద్దరు: లెఫ్టినెంట్ ఏ.జి. రంగరాజ్, హవల్దార్ మేజర్ మథురా సింగ్. రంగరాజ్ గారు డాక్టరు! 1944లో ఈ బ్రిగేడ్‌ని కలుపుకుని 44వ ఎయిర్‌బోర్న్ డివిజన్ ఏర్పడింది. వందలమంది సిపాయిల దళం బెటాలియన్, కొన్ని బెటాలియన్లు కలిస్తే బ్రిగేడ్, కొన్ని బ్రిగేడ్లు కలిస్తే డివిజన్, పిల్లలకి ఇంత చాలు. 1947లో ఆ డివిజన్‌ని ఇండియా, పాకిస్తాన్ పంచుకున్నాయి.

బొమ్మ చెప్పలేనిది ఇక్కడే మొదలవుతుంది. నేల మీద పడ్డాక ఏంటి? 1944 మార్చిలో మణిపూర్‌లోని సాంగ్‌షాక్‌లో 50వ బ్రిగేడ్ అసలు పారాచూట్లతో దూకకుండానే, మామూలు కాలిబంట్లలా, చిన్న గుట్ట మీద, నీళ్ళ కొరతతో జపాన్ సైన్యాన్ని రోజుల తరబడి ఆపింది. విమానాలు పారాచూట్లతో వదిలిన సరుకు చాలావరకు శత్రువు వైపు పడింది. గాలి ఎటు తోస్తే అటే అన్నాం కదా, అదీ ఓ కారణం. కానీ అక్కడ దొరికిన ఆ కొద్ది రోజులే ఇంఫాల్, కోహిమా రక్షణకి పనికొచ్చాయి.

మన బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది చూశారా, అది పాకిస్తాన్‌తో జరిగిన 1971 యుద్ధానిది. అదే యుద్ధంలో డిసెంబరు 11 సాయంత్రం 2 పారా, అంటే మన పారాచూట్ రెజిమెంట్ రెండో బెటాలియన్, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టాంగైల్ దగ్గర దూకింది. లెఫ్టినెంట్ కల్నల్ పన్ను నాయకత్వం. పని ఒక్కటే: పూంగ్లీ వంతెన పట్టుకుని, ఢాకా వైపు వెనక్కి వస్తున్న పాకిస్తాన్ బ్రిగేడ్ దారి మూసెయ్యాలి. పారాట్రూపర్ వెంట ట్యాంకు రాదు, మోసుకెళ్ళిన తూటాలే ఉంటాయి. అందుకే వెనక నుంచి మన సైన్యం నేల మీద వచ్చి కలిసేదాకా నిలబడటమే అసలు పరీక్ష. ఆ సాయంత్రమే వంతెన దొరికింది, మర్నాడు మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీ వచ్చి కలిసింది. 16న ఢాకాలో అడుగుపెట్టిన మొదటి దళం ఈ 2 పారాయే.

కాబట్టి పిల్లలతో ఆడేటప్పుడు బొమ్మ నేల తాకగానే ఆట ఆపకండి. రెండు ఇటుకలు, ఒక స్కేలు పెట్టి వంతెన చెయ్యండి. పదిమంది సిపాయిల్ని వదిలి, ఎవరు ఎంత దూరంలో పడ్డారో కొలత టేపుతో కొలిపించండి, వాళ్ళందర్నీ వంతెన దగ్గరికి చేర్చమనండి. చెదిరిపోవడం ఎంత ఇబ్బందో వాళ్ళకే తెలుస్తుంది.

మా మాట: ఆరేళ్ళు దాటినవాళ్ళకి తప్పకుండా కొనండి. చిన్నపిల్లలకి వద్దు, దారాలు మెడకి చుట్టుకోవచ్చు. డాబా మీద కరెంటు తీగలున్న వైపు వదలకండి. బొమ్మ తీగకి చిక్కుకుంటే కర్రతో తియ్యబోవద్దు, వదిలెయ్యండి.