అజాథయోప్రిన్ మొదలుపెట్టే ముందు చేయించాల్సిన పరీక్ష

అందరికీ నమస్కారం. ఈ హాల్లో లూపస్ (ఒంటి రక్షణ శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) ఉన్నవాళ్లున్నారు, పెద్దపేగు పూతతో బాధపడేవాళ్లున్నారు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లున్నారు. వయ్యారిభామ మొక్క పడక ముఖం, మెడ నల్లబడి మొద్దుబారిన రైతులు కూడా వచ్చారు. జబ్బులు వేరు, చూసే డాక్టర్లు వేరు. కానీ మీలో చాలామంది చీటీలో ఉండే మాత్ర ఒకటే: అజాథయోప్రిన్.

ఒంటి రక్షణ శక్తి హద్దు మీరకుండా అణిచే మందు ఇది, మంచి మందు. నా మాటలు విని ఎవరూ మానేయకండి. జెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ 1950లలో తయారుచేసిన ఈ మందు వల్లే 1960లలో వేరేవాళ్ల కిడ్నీని శరీరం నిలుపుకోగలిగింది. 1988లో నోబెల్ అందుకున్నవాళ్లలో ఆ ఇద్దరూ ఉన్నారు. హిచింగ్స్ హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేసిన ల్యాబులోనే మన యల్లాప్రగడ సుబ్బారావు గారు పనిచేసేవారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

ఇక అసలు విషయం. ఈ మాత్ర లోపలికి వెళ్లాక మారిపోయి, తెల్లరక్తకణాలు పెరగకుండా ఆపే పదార్థంగా తయారవుతుంది. అది చెరువులో నీళ్లలా తగినంతే నిలవాలి. ఎక్కువైంది పోవడానికి అలుగు ఉండాలి. ఆ అలుగు పని చేసే ఎంజైమ్ పేరు టీపీఎంటీ. అది పుట్టుకతోనే లేనివాళ్లకు మామూలు డోసు ఇస్తే మందు పేరుకుపోతుంది, ఎముక మూలుగ దెబ్బతింటుంది, తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అమెరికాలో 1980లో మేయో క్లినిక్ వాళ్లు పరీక్షించి చూస్తే సుమారు 300 మందిలో ఒకరికి ఈ ఎంజైమ్ దాదాపు లేదు, నూటికి పదకొండు మందికి సగమే ఉంది. అలా లేనివాళ్లకు డోసు పదో వంతుకు తగ్గించాలి, లేదా వేరే మందు చూడాలి.

మన దగ్గర చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. ఆ లెక్కలు తెల్లవాళ్లవి. మన దేశంలో టీపీఎంటీ లోపం ఇంకా తక్కువ. అయినా మనవాళ్లకు కణాలు పడిపోతూనే ఉన్నాయి. ఎందుకో 2014లో తెలిసింది. కొరియాలో క్రోన్స్ అనే పేగుల జబ్బు ఉన్న రోగుల మీద చేసిన పరిశోధనలో ఎన్‌యూడీటీ15 అనే ఇంకో జన్యువు బయటపడింది. అందులో తేడా ఉంటే టీపీఎంటీ బాగున్నా మందు విషమవుతుంది. ఆ తేడా యూరప్ వాళ్లలో అరుదు, ఆసియా వాళ్లలో మామూలు. మనలో సుమారు పదిమందిలో ఒకరికి ఆ జన్యువు రెండు కాపీల్లో ఒకదానిలో ఆ తేడా ఉంటుంది. అందుకే టీపీఎంటీ ఒక్కటే చేయించి "నార్మల్" అని రాసిచ్చిన రిపోర్ట్ చూస్తే నాకు టెన్షన్. రెండూ చేయించమని అడగండి. అడగడం మీ హక్కు, డాక్టరుగారిని తప్పుపట్టడం కాదు.

ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లు ఆ మాట ల్యాబులో చెప్పాలి. టీపీఎంటీ ఎంజైమును కొలిచేది ఎర్రకణాల్లో. దానం చేసినవారి కణాలు మీ ఒంట్లో మూడు నాలుగు నెలలు తిరుగుతాయి కాబట్టి రిపోర్ట్ వాళ్లది వస్తుంది. అలాంటప్పుడు జన్యు పరీక్షే మేలు.

ఈ పరీక్షలు మీ ఊళ్లో దొరక్కపోతే? తక్కువ డోసుతో మొదలుపెట్టి, మొదటి నెల వారం వారం సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించి, తర్వాత మెల్లగా దూరం పెంచుతారు. రెండు పరీక్షలూ నార్మల్ అయినా సీబీపీ మానకూడదు, ఎందుకంటే కణాలు పడిపోయిన అన్ని కేసులకూ జన్యువులే కారణం కాదు. జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు, కుచ్చులు కుచ్చులుగా జుట్టు ఊడటం, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగకండి, అదే రోజు సీబీపీ.

చివరిగా ఒకటి. యూరిక్ యాసిడ్‌కు వాడే అల్లోప్యూరినాల్ కూడా ఈ మందు బయటికి పోయే ఇంకో దారిని మూసేస్తుంది. రెండూ కలిపి వాడక తప్పకపోతే అజాథయోప్రిన్‌ను పావు వంతుకు తగ్గించాలి. మోకాళ్ల డాక్టరు రాసింది పేగుల డాక్టరుకు తెలియదు, మీరే చెప్పాలి. చీటీలు తెచ్చినవాళ్లు ముందు వరుసలోకి రండి, ఒక్కొక్కటీ చూద్దాం.