హైవే మీద గాలి కొడితే బండి ఎందుకు ఊగుతుంది? కొత్తగా నడిపేవాళ్లకి

[తెర మీద: అనంతపురం వైపు జాతీయ రహదారి 44. లారీ మీద టార్పాలిన్ టపటపా కొట్టుకుంటోంది.]

నమస్తే. హైదరాబాద్ నుంచి బెంగళూరుకి బండి మీద వెళ్లేవాళ్లకి కర్నూలు దాటాక అసలు పరీక్ష మొదలవుతుంది. అనంతపురం చుట్టుపక్కల కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. ఆషాఢ, శ్రావణ మాసాల్లో అక్కడ పడమటి గాలి జోరుగా వీస్తుంది. రోడ్డేమో ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. అంటే వెళ్లేటప్పుడు గాలి మీ కుడి భుజానికి, వచ్చేటప్పుడు ఎడమ భుజానికి కొడుతుంది. మొదటిసారి హైవే ఎక్కినవాళ్లు ఇక్కడే "బండిని ఎవరో పక్కకి లాగేస్తున్నారు" అంటారు.

ముందు ఎదురుగాలి సంగతి చూసేద్దాం, అది తేలిక. ఆకు కూడా కదలని రోజున సైతం మీరు 80లో వెళ్తుంటే 80 కిలోమీటర్ల గాలి మీ ఛాతీని తోస్తూనే ఉంటుంది. వేగం రెట్టింపైతే ఆ తోపు నాలుగు రెట్లవుతుంది. అందుకే 40లో హాయిగా ఉన్న బండి 80లో మెడ నొప్పి పుట్టిస్తుంది. కాస్త ముందుకి వంగండి. చిన్న ఇంజిన్ బండి ఆయాసపడుతుంటే ఒక గేర్ తగ్గించండి. అంతే.

టెన్షన్ పెట్టేది పక్కగాలి.

[దగ్గరి షాట్: హ్యాండిల్ మీద బిగుసుకున్న వేళ్లు.]

ఈ చేతులు చూడండి. గ్రిప్ ఎంత గట్టిగా పట్టుకున్నారంటే వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి, మోచేతులు నిటారుగా సాగిపోయాయి. ఇప్పుడు గాలి భుజానికి కొడితే ఏమవుతుంది? ఆ తోపు నేరుగా చేతుల్లోంచి హ్యాండిల్‌కి చేరుతుంది. హ్యాండిల్ కదిలితే బండి ఊగుతుంది. ఊగింది కాబట్టి ఇంకా బిగిస్తారు, ఇంకా ఊగుతుంది. గాలి కదిపింది కొంతే, మిగతాది మన చేతుల నిర్వాకం. నన్నడిగితే హైవే మీద కొత్తవాళ్ల భయంలో సగం ఇక్కడే ఉంది.

కాబట్టి మోకాళ్లతో పెట్రోల్ ట్యాంకుని నొక్కి పట్టండి. బలమంతా అక్కడ. నడుము పైభాగం వదులుగా ఉండాలి. వదులుగా ఉందో లేదో తెలియాలంటే, నడుపుతూనే మోచేతుల్ని కోడి రెక్కల్లా రెండుసార్లు ఆడించి చూడండి. ఆడకపోతే మీరు బిగుసుకున్నట్టే. పక్కన పోయే కారువాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇక గాలికి ఎదురు నిలవడం. కుడి నుంచి గాలి వస్తుంటే కుడి గ్రిప్‌ని అరచేత్తో మెల్లగా ముందుకి నొక్కండి. అవును, ముందుకే. బండి కుడికి, అంటే గాలి వైపుకి కాస్త వాలుతుంది. వాలినట్టే ఉంటుంది, పోయేది మాత్రం తిన్నగా. నమ్మకం కుదరకపోతే ముందు ఖాళీ రోడ్డు మీద 40లో, గాలి లేని పూట చేసి చూడండి. ఏ పక్క నొక్కితే బండి ఆ పక్కకే పోతుంది. మీకు తెలియకుండా రోజూ మలుపుల్లో చేస్తున్నది ఇదే.

గాలి ఒకే ఊపులో ఉండదు. తగ్గగానే నొక్కుడు వదిలేయాలి, లేదంటే బండి గాలి వచ్చిన వైపే జరిగిపోతుంది. అందుకే లేన్ మధ్యలో ఉండండి, రెండు పక్కలా చోటుంటుంది. తెల్లగీత అంచున వెళ్తే ఒక్క ఊపుకి మట్టిలోకి దిగిపోతారు.

[తెర మీద: పైనుంచి తీసిన బొమ్మ. లారీ, దాని కుడి పక్కన బండి, ఎడమ నుంచి గాలి బాణాలు.]

లారీని దాటడం దగ్గర కొంచెం ఆగుదాం. బెంగళూరు నుంచి వెనక్కి వస్తున్నారు. గాలి ఎడమ నుంచి. మీరు ఎడమ గ్రిప్ నొక్కుతూ లారీకి కుడి పక్కకి వచ్చారు. ఇప్పుడు లారీయే గాలికి గోడ. గాలి టక్కున ఆగిపోతుంది, మీ చెయ్యి మాత్రం ఇంకా నొక్కుతూనే ఉంది. బండి లారీ చక్రాల వైపు జరుగుతుంది! అక్కడ చెయ్యి వదులు చేయాలి. క్యాబిన్ దాటిన క్షణంలో ఆ గోడ తప్పుకుంటుంది, గాలి ఒక్కసారిగా తగిలి డివైడర్ వైపు తోస్తుంది. దానికి ముందే సిద్ధంగా ఉండండి, దాటగానే కంగారుగా ఎడమకి తిప్పకండి. వెళ్లేటప్పుడు కథ వేరు. గాలి కుడి నుంచి వస్తుంది కాబట్టి మిమ్మల్ని లారీ మీదకే తోస్తుంది. గాలి ఊపు మీద ఉంటే ఓవర్‌టేక్ మానేయండి, రెండు నిమిషాలు ఆలస్యమైతే కొంపలేం మునగవు.

గోడ పోయి గాలి తగిలే చోట్లు ఇంకా ఉన్నాయి. గుట్టల మధ్య నుంచి రోడ్డు బయటపడే చోటు, ఊరి మీదుగా వేసిన ఫ్లైఓవర్, బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన. ముందే పసిగట్టడానికి దాబా ముందు జెండాలు, రోడ్డుకి అడ్డంగా పోయే దుమ్ము, ముందు లారీ టార్పాలిన్ చూడండి. అవి ఎటు ఎగిరితే మిమ్మల్ని అటే తోస్తుంది. కళ్లు దూరంగా ఉండాలి. 80లో సెకనుకి 22 మీటర్లు పోతారు, ముందు చక్రం దగ్గర చూపు పెట్టి లాభం లేదు.

వేగం ఎంత? నాలుగు వరుసల హైవే మీద ద్విచక్ర వాహనాలకి కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి 80. గాలి రోజున కొత్తవాళ్లకి 60, 65 చాలని నా అభిప్రాయం, అదీ ఎడమ లేన్‌లో. మరీ 40కి దిగితే వెనక లారీలతో ఇంకో తలనొప్పి. సుమారు 110 కేజీల స్ప్లెండర్‌ని గాలి కదిపినంత తేలిగ్గా 195 కేజీల క్లాసిక్ 350ని కదపలేదు, కాబట్టి బుల్లెట్ మీది స్నేహితుడి వేగం మీ వేగం కానక్కర్లేదు.

బట్టల గురించి ఒక్క మాట. గాలికి ఉబ్బే చొక్కా వద్దు. తలకి వదులైన హెల్మెట్ గాలికి పైకి లేస్తుంది, సైజు చూసి కొనండి, పట్టీ బిగించండి. వెనక కూర్చున్నవాళ్ల చున్నీ, చీర కొంగు చక్రం దగ్గరకి రాకుండా దోపుకోవాల్సిందే.

గాలి మరీ ఎక్కువై లేన్‌లో ఉండలేకపోతే ఆగిపోండి. చెట్టు కిందా హోర్డింగ్ కిందా వద్దు, పెట్రోల్ బంకులోకి పోండి. సైడ్ స్టాండ్ ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి గాలి కుడి నుంచి తగిలేలా బండి పెట్టండి, అప్పుడు అది స్టాండ్ మీదకే ఒరుగుతుంది. ఎడమ నుంచి కొడితే పడిపోవచ్చు. మొదటి గేర్‌లో వేసి దిగండి.