యోసెలె రోజెన్‌బ్లాట్: ఏ పాట ఎక్కడ పాడాలి

అందరికీ నమస్కారం.

యూదుల ప్రార్థనా మందిరం సినగాగ్. అక్కడ అందరి తరఫునా ప్రార్థన పాడే మనిషిని హజ్జాన్ అంటారు, ఇంగ్లీషు మాట క్యాంటర్. సంప్రదాయ సినగాగులో సబ్బాతు నాడు, అంటే యూదుల వారపు విశ్రాంతి దినాన, వాద్యాలు మోగవు. తోడుగా శ్రుతిపెట్టె కూడా ఉండదు. ఉన్నదల్లా గొంతు, మహా అయితే వెనక పాడే బృందం.

అలాంటి గొంతుల్లో నేను మళ్ళీ మళ్ళీ వినేది యోసెలె రోజెన్‌బ్లాట్‌ది. 1882లో, ఇప్పటి యుక్రెయిన్‌లోని బీలా త్సెర్క్వాలో పుట్టారు. తండ్రీ హజ్జానే. చిన్నతనంలోనే ఊరూరా తిరిగి పాడారు. ముంకాచ్, ప్రెస్‌బర్గ్, హాంబర్గ్‌లలో పనిచేసి, 1912లో న్యూయార్క్‌లోని ఒహాబ్ జెడెక్ సినగాగుకు వచ్చారు.

ఆయన పాటలో ఒక ఏడుపు విరుపు ఉంటుంది. తూర్పు యూరప్ యూదుల భాష యిద్దిష్‌లో దాన్ని క్రెఖ్ట్స్ అంటారు. నిండు గొంతుతో సాగుతున్న స్వరం ఒక్క క్షణం వెక్కినట్టు తెగుతుంది, మరుక్షణం సన్నటి పై స్థాయిలో తేలుతుంది. మధ్యలో అతుకు కనపడదు. గమకాలు విని పెరిగిన మన చెవికి ఇది తొందరగానే పట్టుబడుతుంది.

1918లో షికాగో ఒపెరా వాళ్ళు ఆయన్ని పిలిచారు. ప్రదర్శనకు 1000 డాలర్లు. గడ్డం తియ్యక్కర్లేదు, సబ్బాతు నాడు పాడక్కర్లేదు. పాత్ర కూడా యూదుడిదే. అయినా వద్దన్నారు. సంగీత కచేరీలు మాత్రం చేసేవారు. వేదిక అంటే చులకన కాదాయనకు, ఏ పాట ఎక్కడ పాడాలో తేల్చుకున్న మనిషి. ఆయనలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఇదే.

తరవాత ఒక యూదు పత్రికలో డబ్బు పెట్టి మునిగిపోయారు. 1925లో దివాలా తీశారు. అప్పులు తీర్చడానికి వాడెవిల్ వినోద ప్రదర్శనల్లో ఊరూరా పాడారు. అంత కష్టంలోనూ 1927 నాటి 'ది జాజ్ సింగర్' సినిమాలో కోల్ నిద్రే పాడడానికి ఒప్పుకోలేదు. అది యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ సాయంత్రం సినగాగులో పాడేది. సినిమాలో కనిపించారు గానీ, పాడింది ప్రార్థన కాని పాట.

1933లో సినిమా పని మీద పాలస్తీనా వెళ్ళి, జెరూసలేములో గుండెపోటుతో పోయారు. ఒలీవల కొండ మీద సమాధి చేశారు. యాభై ఒక్క ఏళ్ళే.

బైబిల్లోని 126వ కీర్తనకు ఆయన కట్టిన వరస మాత్రం ఇళ్ళలో నిలిచిపోయింది. చెర నుంచి తిరిగొచ్చినవాళ్ళు కలగన్నట్టు నిలబడ్డారనీ, కన్నీళ్ళతో విత్తినవాళ్ళు ఆనందంతో కోస్తారనీ ఆ కీర్తన. సబ్బాతు భోజనం అయ్యాక పిల్లా పెద్దా బల్ల చుట్టూ కూర్చుని ఇప్పటికీ పాడతారు.

ఆయన పాడిన ఆ కీర్తన రికార్డు ఇప్పుడు వినిపిస్తాను. పాతది, గరగర ఉంటుంది. గొంతు పైకి వెళ్ళే చోట కాస్త చెవి పెట్టండి.